స్నేహితులను ఇవ్వండి: డోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితము



మీలో చాలామంది కాజీపేట నుండి విజయవాడ వైపు రైలులో వెళ్ళియుంటారు. మహబూబాబాద్ దాటిన తరువాత, ఖమ్మం రాకముందు డోర్నకల్ జంక్షను వస్తుంది. కొత్తగూడెం, మణుగూరు వైపు వెళ్ళే లైను అక్కడే విడిపోతుంది. బండి ఆగుతుంది, టీ అమ్మేవాళ్ళు కేకలు వేస్తారు, బండి కదులుతుంది. అంతే కదా! ఒకప్పుడు ఇంగ్లండులోను, అమెరికాలోను క్రైస్తవ సంఘపు పెద్దలు ఆ చిన్న ఊరి పేరును పలకడం ప్రత్యేకంగా నేర్చుకున్నారంటే మీరు నమ్ముతారా? దానికి కారణము ఒక తమిళుడు. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే.

ఆయనను గూర్చి ఇప్పుడు ఎందుకు చెప్పుచున్నానంటే, కొంతకాలం క్రిందట ఒక చెల్లెలు ఉత్తరము వ్రాసింది. ఊరి పేరు వ్రాసింది గాని నేను చెప్పను. "అయ్యగారూ, మా గుడిలో ప్రభువు బల్ల దగ్గర ముందు ఒక పేటవాళ్ళు వస్తారు, తరువాత ఇంకొక పేటవాళ్ళు వస్తారు. ఎవరూ నియమము పెట్టలేదు. కాని ఎప్పుడూ అలాగే జరుగుతుంది. ఇది మొదటినుండీ ఇంతేనా?" అని అడిగింది. అమ్మా, నీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే ఈ మనిషి కథ చెప్పుచున్నాను. కాస్త ఓపికగా చదువు.

మొదట ఒక సంగతి తెలిసికోవాలి. బిషప్పు అంటే ఎవరు? మన తెలుగు బైబిలులో "అధ్యక్షుడు" అన్న మాట ఉన్నది చూడండి. అపొస్తలుల కార్యములు ఇరువదవ అధ్యాయములో పౌలు ఎఫెసు పెద్దలతో మాట్లాడేటప్పుడు ఆ మాట వస్తుంది. మందను పైనుండి చూచుకొనేవాడు అని దాని అర్థము. ఆంగ్లికన్ సంఘములో, అనగా ఇంగ్లండు సంఘమునుండి పుట్టిన సంఘములలో, సేవకులు మూడు అంతస్తులుగా ఉంటారు: డీకను, గురువు, బిషప్పు. గురువును అభిషేకించే అధికారము బిషప్పుకే ఉన్నది. బిషప్పును నియమించాలంటే సాధారణముగా కనీసము ముగ్గురు బిషప్పులు వచ్చి తలమీద చేతులుంచాలి. కాబట్టి ఒక దేశములో ఆ దేశస్థుడైన బిషప్పు లేకపోతే, ఆ దేశపు గురువులందరిమీద చేతులుంచేది పరాయివాడే. మన దేశములో ఆంగ్లికన్ బిషప్పులు 1814 నుండి ఉన్నారు. తొంభై ఎనిమిది సంవత్సరాలపాటు ప్రతి ఒక్కరూ తెల్లవారే. ఆ తొంభై ఎనిమిది సంవత్సరాలలో యోగ్యుడైన భారతీయుడు ఒక్కడైనా పుట్టలేదనుకోవాలా?

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతములోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం. ఆయన హిందూ కుటుంబములో పుట్టి, మిషను బడిలో చదువుకొంటూ ప్రభువును తెలిసికొని, పిమ్మట పల్లెటూరి గురువుగా సేవచేసినవాడు. తల్లి పేరు ఎల్లెన్. ఒక కుమార్తె పుట్టిన తరువాత చాలా ఏళ్ళు ఆమెకు బిడ్డలు లేరు. హన్నావలె ప్రార్థించింది. అందుకే కుమారునికి శామ్యూల్ అని పేరు. తండ్రి 1889లో చనిపోయాడు. అప్పటికి పిల్లవాడికి పదిహేనేళ్ళు. తల్లి కఠినమైన క్రమశిక్షణలో పెంచింది.

వీరిది నాడార్ కులము. ఆనాటి తిరునల్వేలిలో నాడార్లను చాలా తక్కువగా చూచేవారు. తాడిచెట్లు ఎక్కి కల్లు గీసే కులమని అనేవారు. కొన్ని దేవాలయములలోనికి వారిని రానిచ్చేవారు కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

ఆయన మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గణితము చదివారు. చివరి పరీక్షల సమయానికి జబ్బు పడ్డారు. పట్టా చేతికి రాలేదు. మన యౌవనులలో ఎంతోమంది పరీక్ష తప్పితే లోకమే మునిగిపోయిందనుకుంటారు కదా! ఈయన పట్టా లేకుండానే వై.ఎం.సి.ఏ. లో సువార్త సేవకునిగా చేరారు. 1895 నుండి 1909 వరకు ఊరూరా తిరిగారు. అక్కడే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుడు స్నేహితుడయ్యాడు. ఇద్దరూ కలిసి ప్రయాణము చేశారు, కలిసి ప్రార్థించారు, కలిసి పని చేశారు. తెల్లవాడు, నల్లవాడు అన్న మాట వారి మధ్య లేదు. ఆ స్నేహమును కూడా గుర్తుంచుకోండి.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహము చేసికొన్నారు. దక్షిణ దేశములో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నము తీసికొనలేదు. ఆ రోజులలో అది చిన్న సంగతి కాదు. ఈ రోజులలో మాత్రము చిన్న సంగతా? నన్ను అడగకండి, మీ ఇంట్లో పెళ్ళికి ఎదిగిన కుమారుడుంటే మీరే చెప్పండి.

1902లో ఆయన సిలోను వెళ్ళారు. అక్కడ యాఫ్నాలో తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులను సువార్తకు పంపుచుండటము చూచారు. అది ఆయనను గుచ్చింది. తిరునల్వేలి సంఘము వారి సంఘముకంటే పెద్దది. వేలమంది విశ్వాసులున్నారు. అయినను సువార్త అంటే దొరలు చేసే పని, దొరల డబ్బుతో జరిగే పని అని కూర్చున్నారు. తిరిగి వచ్చి ఊరుకోలేదు. 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి భారతీయ మిషనెరీ సంఘము పుట్టింది. భారతీయుల మనుష్యులు, భారతీయుల డబ్బు, భారతీయుల పెత్తనము. 1905 క్రిస్మసు రోజున శ్రీరాంపూరులో, విలియం కేరీ పనిచేసిన ఆ ఊరిలోనే, నేషనల్ మిషనెరీ సొసైటీ ఏర్పడింది. దానిలోను ఆయన చెయ్యి ఉన్నది.

తిరునల్వేలి సంఘమువారు తమ సేవకులను ఎక్కడికి పంపారో తెలుసా? మన తెలుగు నేలకే. నైజాం రాజ్యములో, వరంగల్లు వైపు, సువార్త అందని డోర్నకల్ ప్రాంతమునకు. తమిళ పల్లెలలో పేదవాళ్ళు అణాలు, కానులు వేసి తెలుగువారికి మిషనెరీలను పంపారు. ఇది మన సంఘ చరిత్రలో మనము ఎక్కువగా చెప్పుకోని సంగతి. లండను దొరసానుల కానుకలను గూర్చి చెప్పుకొంటాము. తాటిబెల్లము అమ్ముకొనే తమిళ అమ్మల కానుకలను మరచిపోతాము.

కొన్నేళ్ళు ఆయన ఆ సంఘమునకు కార్యదర్శిగా ఇతరులను పంపుచుండెను. "వెళ్ళండి, వెళ్ళండి" అని చెప్పేవాడు తానే ఎందుకు వెళ్ళలేదు? ఆ ప్రశ్న ఆయన లోపల పని చేసింది. 1909లో వై.ఎం.సి.ఏ. పదవిని విడిచిపెట్టి, డీకనుగా అభిషేకము పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు ముప్పది అయిదేళ్ళు. తెలుగు రాదు. ఆ వయస్సులో కొత్త భాష నేర్చుకోవడము ఎంత కష్టమో తమిళనాడులో ఉద్యోగము చేసే మన తెలుగువారిని అడగండి. అయినను నేర్చుకొన్నారు, తెలుగులోనే ప్రసంగించారు, జీవితములో మిగిలిన ముప్పది అయిదు సంవత్సరాలు తెలుగువారి మధ్యనే గడిపారు.

ఇప్పుడు ఎడిన్‌బరో సంగతికి వద్దాము. నేను ఈ వ్యాసము వ్రాయడానికి సగము కారణము ఇదే.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరో పట్టణములో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగింది. దాదాపు 1,200 మంది ప్రతినిధులు. లోకమంతటికీ సువార్త ఎలా చేర్చాలి అని ఆలోచించడానికి కూడిన సభ అది. అయితే ఆ లోకములోని వారు, అనగా ఆసియా దేశస్థులు, ఆ సభలో ఇరవైమంది కూడా లేరు. ఒక సాయంకాలము అజరయ్యగారిని మాట్లాడమన్నారు. విదేశీ సేవకులకు, స్వదేశీ సేవకులకు మధ్య సహకారము అన్నది విషయము. వందనాలు చెప్పి, రెండు మంచి మాటలు చెప్పి కూర్చుంటాడని చాలామంది అనుకొనియుంటారు.

ఆయన అలా చేయలేదు. మిషనెరీకి, భారతీయ సేవకునికి మధ్య సంబంధము సరిగా లేదని సూటిగా చెప్పారు. యజమాని, పనివాడు అన్నట్లు ఉన్నది గాని స్నేహితుల వలె లేదన్నారు. జీతమిచ్చేవాడు ఒకడు, తీసికొనేవాడు ఒకడు. ఆజ్ఞాపించేవాడు ఒకడు, లెక్క అప్పజెప్పేవాడు ఒకడు. ఏళ్ళ తరబడి ఒకే ప్రాంతములో పనిచేసి కూడా ఒకరి ఇంట ఒకరు భోజనము చేయనివారున్నారని ఎత్తి చూపారు. చివరికి మొదటి కొరింథీయులకు పదమూడవ అధ్యాయమును తలపించేలా ముగించారు. బీదలకొరకు మీరు మీ ఆస్తిని ఇచ్చారు, మీ శరీరములను కూడా అప్పగించారు, రాబోవు తరాలు దానికి కృతజ్ఞత చెప్పుకొంటాయి, అయితే మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆయన విన్నపము.

సభలో కొందరికి కోపము వచ్చింది. కొందరు నొచ్చుకొన్నారు. మా త్యాగమంతా చూచి ఈయన అనేది ఇదా అనుకొన్నారు. కాని ఆనాడు మాట్లాడిన పెద్ద పెద్ద దొరల ప్రసంగములు చాలావరకు మరుగునపడిపోయాయి. ఈ మాట నూరేళ్ళు దాటినా నిలిచియున్నది. 2010లో ఆ మహాసభ శతాబ్ది జరుపుకొన్నప్పుడు కూడా దీనిని జ్ఞాపకము చేసికొన్నారు.

గమనించండి, ఆయన తెల్లవారిని ద్వేషించి ఈ మాట అనలేదు. ఎడ్డీ వంటి స్నేహితుడు ఆయనకున్నాడు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు కన్నకొడుకువలె చూచేవారు. స్నేహము రుచి తెలిసినవాడు గనుకనే అది దొరకనివారి ఆకలి ఆయనకు తెలిసింది. అదియుగాక, వేదిక మీద కూర్చున్నవారిలో కొందరి చేతిలోనే ఆయన భవిష్యత్తు ఉన్నది. నోరు మూసికొని కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ సాహసమును నేను మెచ్చుకొంటాను.

వైట్‌హెడ్‌గారి మనస్సులో అప్పటికే ఒక ఆలోచన ఉన్నది. అజరయ్యను బిషప్పును చేయాలని. మొదట తిరునల్వేలిలోనే చేయాలనుకొన్నారు. అడ్డు ఎక్కడనుండి వచ్చిందో చూడండి. కొందరు మిషనెరీలు వద్దన్నారు, భారతీయుని చేతిక్రింద తెల్లవారు ఎలా పనిచేస్తారని. అది మనము ఊహించగలిగినదే. అయితే అక్కడి క్రైస్తవులలో పై కులమునుండి వచ్చినవారు కూడా వద్దన్నారు, నాడార్ ఎలా మనకు బిషప్పు అవుతాడని! నేను గుర్తుంచుకోమన్నది ఇందుకే. మన చెల్లెలు వ్రాసిన ఉత్తరములోని సంగతి 1910లోనే తిరునల్వేలిలో ఉన్నది. రంగు ఒక ప్రక్క అడ్డుపడితే, కులము రెండవ ప్రక్క అడ్డుపడింది. దొరలను మాత్రమే నిందించి మనము తప్పించుకోలేము.

అందువలన వైట్‌హెడ్‌గారు దారి మార్చి, డోర్నకల్‌ను చూపారు. నైజాం రాజ్యము బ్రిటిషు ఇండియాలో భాగము కాదు గనుక చట్టపరమైన చిక్కులు కూడా తక్కువ. 1912 డిసెంబరు 29, ఆదివారము, కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో బిషప్పులు ఆయన తలమీద చేతులుంచారు. ఆయన వయస్సు ముప్పది ఎనిమిది. మొదట ఆయనకిచ్చినది చాలా చిన్న ప్రాంతము. ఇది కూడా పోతే పెద్ద నష్టమేమీ లేదు అన్నంత చిన్నది. ఒక విధముగా అది పరీక్ష. ఆయన తప్పిపోతే ఇంకొక భారతీయునికి ఆ అవకాశము ఎన్నాళ్ళకు వచ్చేదో!

ఆయన తప్పిపోలేదు. ఎనిమిది, పది సంవత్సరాలలో కృష్ణా, గుంటూరు వైపు చర్చి మిషనెరీ సొసైటీ ప్రాంతములు, నంద్యాల వైపు ఎస్.పి.జి. ప్రాంతములు కూడా డోర్నకల్ అధ్యక్ష మండలములో చేరాయి. రాబర్ట్ నోబుల్ 1841లో పని ప్రారంభించిన మచిలీపట్నం కూడా దానిలోనికి వచ్చింది. అనగా ఇంగ్లండులో పుట్టి పెరిగిన మిషనెరీలు ఒక భారతీయుని క్రింద పనిచేయవలసి వచ్చింది. మొదట సందేహించినవారున్నారు. కాలము గడిచేకొలది వారిలో అనేకులు ఆయనను తండ్రివలె గౌరవించారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. బి.ఏ. పట్టా లేనివానికి!

ఇక పల్లెలలో ఆయన చేసిన పనిని గూర్చి చెప్పాలి. బిరుదులకంటే నాకు ఇదే ముఖ్యము.

ఆ కాలములో మాలపల్లెలనుండి, మాదిగగూడెములనుండి కుటుంబములకు కుటుంబములు, ఊళ్ళకు ఊళ్ళు ప్రభువునొద్దకు వచ్చుచుండెను. ఒక్కొక్కరుగా కాదు, గుంపులుగా. వారు ఎవరు? వెట్టిచాకిరీ చేసేవారు, ఊరి బావిలో నీళ్ళు తోడుకోలేనివారు, అక్షరము ఎరుగనివారు. "వీళ్ళకేమి తెలుసు? ఏదో ఆశించి వస్తున్నారు" అని బయటివారే కాదు, సంఘములో ఉన్నవారు కూడా అనేవారు. అజరయ్యగారు ఎద్దుల బండిమీద, సైకిలుమీద, కాలినడకన ఆ పల్లెలు తిరిగారు. బాప్తిస్మమునకు ముందు వారికి నెలల తరబడి బోధ చేయించేవారు. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద తామే చెయ్యి పెట్టుకొని, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అని పౌలు అన్న ఆ మాటను తమ మాటగా చెప్పవలెను. అక్షరము రాని కూలిమనిషి కూడా చెప్పవలెను. ఆ మనిషి ఇంతకుముందు ఊరి పెద్దల యెదుట నోరు విప్పి ఎరుగడు. ఇప్పుడు, నీవు చెప్పవలసిన మాట ఒకటున్నది అని బిషప్పు అతనితో అంటున్నాడు!

నాలుగు శత్రువులను గూర్చి ఆయన ఎప్పుడూ చెప్పేవారు: మురికి, రోగము, అప్పు, తాగుడు. వీటిని ప్రసంగముతో మాత్రమే వెళ్ళగొట్టలేమని ఆయనకు తెలుసు. అందుకే బడులు పెట్టారు, వైద్యశాలలు పెట్టారు, అప్పుల ఊబినుండి బయటపడడానికి సహకార సంఘములు పెట్టారు, అచ్చు యంత్రములు తెచ్చారు. పల్లెకొక పంతులును పెట్టాలని శ్రమించారు. ఈ పంతులు ఎవరనుకొన్నారు? పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యము, ఆదివారము ఆరాధన, ఎవరికైనా జ్వరము వస్తే మందు, ఎవరైనా మరణిస్తే సమాధి కార్యక్రమము, కరణముగారికి అర్జీ వ్రాయడము, అన్నీ ఆయనే. భార్య కూడా తరచుగా బడి చెప్పేది. 1930ల మధ్యకు వచ్చేసరికి ఆ మండలములో ఇలాంటి ఉపాధ్యాయులు రెండు వేలమంది అయ్యారు. తెల్ల గురువులు కొద్దిమందే, తెలుగు గురువులు వందకు పైగా. 1941 నాటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

పిడికెడు బియ్యము సంగతి మీకు తెలుసుకదా? అన్నము వండేటప్పుడు ప్రతిసారి ఒక పిడికెడు బియ్యము తీసి వేరే పాత్రలో వేసి, ఆదివారము గుడికి తెచ్చి ఇవ్వడము. మా నాయనమ్మ బియ్యపు కుండ ప్రక్కన చిన్న ముంత ఒకటి ఉండేది. ఆ ముంతలో చెయ్యి పెడితే చేతిమీద దెబ్బ పడేది. ఎందుకో నాకు అప్పుడు తెలియదు. డోర్నకల్ మండలములో అజరయ్యగారు ఈ అలవాటును బాగా ప్రోత్సహించారు. పేదవాడు ఇవ్వలేడు అనడము పేదవానిని అవమానించడమే అని ఆయన ఉద్దేశము. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఒక పుస్తకమే వ్రాశారు. కోత పండుగలు, భజనలు, కోలాటములు కూడా ఆయన విడిచిపెట్టలేదు. మన ప్రజలు పాడి, ఆడి దేవుని స్తుతించేవారు గనుక అలాగే స్తుతించనిచ్చారు. అయితే ఆరాధన క్రమము మాత్రము ఇంగ్లండు ప్రార్థన పుస్తకము ప్రకారమే జరగాలి. కోలాటము ఆడించిన మనిషే తెలుగు పొలములో పనిచేసే కూలీలకు కాంటర్‌బరీ క్రమము ఎందుకు పెట్టాడని విమర్శించేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆ విమర్శలో న్యాయము లేకపోలేదు. అయితే ఆ పుస్తకమును కంఠతా పట్టిన అవ్వలను నేను చూచాను. చదువు రాకపోయినా కీర్తనలు, విశ్వాస ప్రమాణము, ఒప్పుకోలు అప్పజెప్పేవారు. కాబట్టి ఆ విషయములో తీర్పు చెప్పడానికి నాకు తొందర లేదు.

ఇప్పుడు మన చెల్లెలి ప్రశ్నకు వద్దాము. మాలలు ముందు వచ్చిన ఊళ్ళలో, తరువాత మాదిగలు వస్తామంటే వద్దన్నవారున్నారు. మాదిగలు ముందు వచ్చిన ఊళ్ళలో మాలలు రామన్నారు. వేరే గుడి కట్టండి అన్నారు. ఆంగ్లికన్ పద్ధతిలో ప్రభువు సంస్కారము ఎలా ఇస్తారో గమనించారా? చిన్న చిన్న గ్లాసులు కావు. ఒకే పాత్ర. ఒకరి పెదవి తగిలిన చోట ఇంకొకరి పెదవి తగులుతుంది. ఒకరు ముట్టుకొన్న నీళ్ళు ఇంకొకరు త్రాగని దేశములో ఆ పాత్రను ఇరువురి పెదవులకు అందించడమంటే ఏమిటో ఆలోచించండి. క్రీస్తులోనికి వచ్చినవారికి ఒకే బల్ల, ఒకే పాత్ర అన్న విషయములో ఆయన మెత్తబడలేదు. కొన్ని చోట్ల జయము దొరికింది. కొన్ని చోట్ల బిషప్పుగారు వచ్చిన రోజున కలిసి, వెళ్ళిన తరువాత విడిపోయారు. అమ్మా, నీ గుడిలో నీవు చూచుచున్నది ఆ మిగిలిపోయిన పని.

ఈ గుంపుల మారుమనస్సే ఆయనను గాంధీగారికి ఎదురుగా నిలబెట్టింది. 1935లో యేవలాలో అంబేద్కరుగారు, నేను హిందువుగా చనిపోను అని ప్రకటించిన తరువాత దేశమంతా కలవరము పుట్టింది. నిరుపేద జనులు గుంపులుగా మతము మారడము తెలిసి చేసిన పని కాదని గాంధీగారు తమ హరిజన్ పత్రికలో పలుమార్లు వ్రాశారు. అజరయ్యగారు దానిని ఒప్పుకోలేదు. దళితునికి కూడా మనస్సున్నది, ఆత్మ ఉన్నది, తన దారి తాను ఎన్నుకొనే హక్కు ఉన్నది అన్నారు. ఇద్దరూ దేశభక్తులే. ఇద్దరూ అంటరానితనమును అసహ్యించుకొన్నవారే. ఒక సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది: 1932లో బ్రిటిషు ప్రభుత్వము క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు ఇస్తానన్నప్పుడు అజరయ్యగారు వద్దన్నారు. క్రైస్తవులు తమ సీట్లకోసము ప్రత్యేక గుంపుగా మారితే సువార్త రాజకీయమై పోతుందని ఆయన భయము. సంఖ్య పెంచుకోవడానికే మతము మారుస్తున్నాడన్న నింద మోసిన మనిషి, ఆ సంఖ్యవలన వచ్చే లాభమును కాదనుకొన్నాడు.

ఇక సంఘముల ఐక్యత. ఒక పల్లెలో ఆంగ్లికన్, ప్రక్క పల్లెలో మెథడిస్టు, దాని ప్రక్క ఇంకొకటి. ఈ భేదములు ఇంగ్లండు చరిత్రలో, అమెరికా చరిత్రలో పుట్టినవి. మన రైతుకూలీకి వాటితో ఏమి పని? 1919 మే నెలలో ట్రాంకెబారులో, 1706లో జీగెన్‌బాల్గు అడుగుపెట్టిన ఆ సముద్రతీరములో, 33 మంది కూడారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్యగారు, ఆయన పాత స్నేహితుడు ఎడ్డీ అక్కడున్నారు. అక్కడ మొదలైన మాటలు దాదాపు ముప్పది సంవత్సరాలు సాగాయి. బిషప్పులు ఉండాలా వద్దా? ఇంతకుముందు బిషప్పు చేతులుంచని గురువుల అభిషేకము చెల్లుతుందా? కమిటీలమీద కమిటీలు. 1927లో స్విట్జర్లండులోని లొజానులో జరిగిన మహాసభలో ఆయన లేచి, సంఘముల చీలిక మీకు బలహీనత మాత్రమే కావచ్చును గాని మాకు అది పాపము, ఆటంకము అన్న భావముతో మాట్లాడారు.

డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. కట్టడము మొదలుపెట్టి పాతికేళ్ళు పట్టింది. యుద్ధము వచ్చింది, డబ్బు అయిపోయింది, ఆగింది, మళ్ళీ మొదలయ్యింది. చూడనివారు ఒకసారి వెళ్ళి చూడండి. దేవాలయపు మండపమువలె రాతి స్తంభములు, మసీదువలె గుమ్మటములు, మీనారులు. తామరపువ్వు మీదనుండి లేచే సిలువ అక్కడి గుర్తు. నైజాం రాజ్యములో, హిందువుల మధ్య, ముస్లింల మధ్య జీవించిన సంఘము కట్టుకొన్న ఇల్లు అది.

1945 జనవరి 1న అజరయ్యగారు డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. డెబ్బది ఏళ్ళు. ఐక్యత ఒప్పందమును ఆంగ్లికన్ మహాసభ ఆమోదించినది అదే సంవత్సరములో, ఆయన చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమైంది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్క సంఘమయ్యారు. బిషప్పులున్న సంఘము, బిషప్పులు లేని సంఘములు అలా కలియడము అంతకుముందు ఎక్కడా జరుగలేదు.

ఆయన తరువాత డోర్నకల్ బిషప్పు ఎవరయ్యారని మీరు అడగవచ్చును. ఎలియట్‌గారు, మరల ఒక విదేశీయుడు. మంచి సేవకుడే, అజరయ్యగారికి సహాయ బిషప్పుగా పనిచేసినవాడే, సొంత తెలుగు జనమువలె మెలిగినవాడే. అయినను నాకు అది కాస్త విచిత్రముగా ఉంటుంది. ఇంకొకటి కూడా ఉన్నది. ఆ ఐక్య సంఘములో చేరము అన్నవారు ఎక్కడివారో తెలుసా? నంద్యాలవారు. అజరయ్యగారు చేతులుంచి ధృవీకరించిన విశ్వాసులే, ఆయన పల్లె పల్లె తిరిగిన ప్రాంతమే. అక్కడి ఆంగ్లికన్లు వేలమంది 1947లో బయటనే ఉండిపోయారు. ఒక ఊరిలో ఒకే కుటుంబములో అన్న ఒక సంఘము, తమ్ముడు ఒక సంఘము అయ్యారు. వారు వచ్చి కలిసినది 1975లో.